పాతకాపు అని ఎవరినంటాం

మా తమ్ముడు మంచం పట్టాకే నాకు ఆ గ్రూపు సంగతి తెలిసింది. అంతకు ముందు లోకంలో అలాంటిదొకటి ఉంటుందని కూడా అనుకోలేదు.

వాడు జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నందిగామలో మా ఇంటి నుంచే బండి మీద డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు. ఒకరోజు పొద్దున్నే షిఫ్టు దిగి వస్తూ, హైవే పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కుని గుద్దుకున్నాడు. హెల్మెట్ ఉంది. అయినా తలకి లోపల దెబ్బ తగిలింది. విజయవాడలో ఆపరేషను, ఐసీయూ అన్నీ అయ్యాక పెద్ద డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "ప్రాణానికి భయం లేదమ్మా. ఇక ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి" అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇంటికి తీసుకెళ్ళి చూసుకోవడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

అంబులెన్సు వాళ్ళు వాడిని తెచ్చి ముందుగదిలో మంచం మీద పడుకోబెట్టి వెళ్ళిపోయారు. ముక్కులో ఆహారం పోసే గొట్టం, గొంతుకి గాలి గొట్టం, పక్కన వేలాడే మూత్రం సంచి. మాట లేదు. కాలూ చెయ్యీ కదలవు. కళ్ళు మాత్రం మనిషి ఎటు వెళితే అటు తిరిగేవి. ఇంట్లో ఉన్నది మా అమ్మా, నేనూ. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. పిల్లలకి మహాసముద్రాలూ ఖండాలూ చెప్పగలను గానీ, ఎదిగిన మగమనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పడం నాకు చేతకాలేదు. అమ్మ తలగడ పట్టుకుని, నేను భుజం పట్టుకుని, ఇద్దరం ఏడ్చేవాళ్ళం. వాడు మమ్మల్ని చూస్తూ ఉండేవాడు.

వారానికోసారి వ్యాయామం చేయించడానికి విజయవాడ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేది. చిన్నపిల్ల, పెళ్ళి కూడా కాలేదు. మా అవస్థ చూసి, నా ఫోన్ తీసుకుని నన్ను ఒక గ్రూపులో చేర్చింది. మంచంలో ఉన్నవాళ్ళని ఇంట్లో చూసుకునే వాళ్ళ గ్రూపు అది. తనే మొదలుపెట్టిందట. మొదట వాట్సాప్‌లో నడిపి, జనం ఎక్కువయ్యాక వేరే యాప్‌లోకి మార్చింది.

ఆ గ్రూపులో నాకు ఎవరి ముఖమూ తెలియదు. కానీ ఎవరి నాన్నకి ఏ తుంటి మీద పుండు పడిందో తెలుసు. ఎవరి అత్తగారు ఏ పూట గొట్టం పీకేసుకుందో తెలుసు. దువ్వెనతో ఎలా దువ్వాలి, నడుము కింద దుప్పటి మడత ఎక్కడ పెట్టాలి, కఫం కట్టినప్పుడు వీపు మీద ఎలా తట్టాలి, ఇలాంటివన్నీ అక్కడే నేర్చుకున్నాను. రెండు గంటలకోసారి వాడిని పక్కకి తిప్పాలని ఫోన్లో అలారం పెట్టుకోమని చెప్పిందీ ఆ గ్రూపే. గ్రూపులో అందరూ అలారం పెట్టుకునేవాళ్ళే.

అక్కడ అందరూ బాబాయిగారు అని పిలిచే పెద్దాయన ఒకరుండేవారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. వీరులపాడు పక్క పల్లెలో ఉంటారు. ఆయన భార్యకి పక్షవాతం వచ్చి చాలా ఏళ్ళయింది. ఆవిడకి ఒత్తుగా జుట్టు. వెల్లకిలా పడుకున్నవాళ్ళకి వెనక జడ ఒత్తుకుంటుందని, చెవుల పక్కగా రెండు జడలు వేయమని గ్రూపులో ఎవరో వీడియో పంపితే, ఆయన కూర్చుని నేర్చుకున్నారు. కొత్తవాళ్ళు ఏం అడిగినా మొదటి జవాబు ఆయనదే. కోపం జాస్తి. మనసు మెత్తన.

నాకు తెలుగు టైపింగు త్వరగా వస్తుందని ఫిజియో అమ్మాయి నన్నూ, బాబాయిగారినీ తనతో పాటు అడ్మిన్లుగా పెట్టింది.

ఒక ఎండాకాలం గ్రూపులో చెడ్డ సంగతి జరిగింది. కొత్తగా చేరిన ఒకతను, వాళ్ళమ్మ నోరు ఎండిపోతోంది, ఏం చెయ్యమంటారని అడిగాడు. ఎవరో "పాపం, చెంచాతో నీళ్ళు పోయండి, ఏం కాదు" అని రాశారు. అతను పోశాడు. మింగలేని మనిషికి ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఆవిడ ఐసీయూ దాకా వెళ్ళింది. బతికింది గానీ, మేం ముగ్గురం హడలిపోయాం. ఎవరి మాట నమ్మాలో, ఎవరి మాట నమ్మకూడదో కొత్తవాళ్ళకి తెలిసేదెలా? ఆ యాప్‌లో మనిషి పేరు పక్కన చిన్న ముద్రలాగా ఏదైనా ఒక మాట పెట్టే వీలుంది. అనుభవం ఉన్నవాళ్ళకి అలా ఒక గుర్తు ఇద్దామని ఫిజియో అంది. "సీనియర్ మెంబర్ అని పెడదామా?"

"ఆఫీసులాగా సీనియరేంటమ్మా? పాతకాపు అని పెట్టు. అందరికీ తెలిసే మాట" అన్నారు బాబాయిగారు.

ఎవరు పాతకాపు అన్నది తేల్చడానికి రెండో శనివారం వీడియో కాల్‌లో కూర్చున్నాం. నేను తమ్ముడి మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాను. ఎవరెక్కువ మెసేజీలు పెట్టారో ఆ లెక్క చూద్దామని ఫిజియో తీసి చూస్తే, రోజూ పొద్దున్నే పూలబొమ్మ మీద శుభోదయం పంపే ఒకాయన అందరికన్నా ముందున్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. చేరి ఎంత కాలమైందో చూద్దామంటే, ఎప్పుడో చేరి గ్రూపు తెరిచి కూడా చూడనివాళ్ళు బోలెడుమంది.

బాబాయిగారు తేల్చేశారు. "నేను చెప్తా వినండి. ఏడాది దాటి మంచం దగ్గర ఉన్నోళ్ళకే ఇవ్వాలి. ఎండల్లో పుండు ఎట్టా పడుద్దో, చలికాలం కఫం ఎట్టా కడుద్దో, అన్ని కాలాలూ చూసుండాలి. అప్పుడే వాళ్ళ మాటకి విలువ."

"మరి వాళ్ళ మనిషి పోయుంటే?" అంది ఫిజియో.

"అయిపోయినోళ్ళు ఇంకెందుకుంటారమ్మా గ్రూపులో? ఎళ్ళిపోతారుగా."

అది నిజమే. మనిషి పోగానే ఇంటివాళ్ళు ఆ కబురు పెట్టేవారు. అందరూ దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టేవారు. ఒకటి రెండు రోజులకి "అందరికీ కృతజ్ఞతలు" అని రాసి వెళ్ళిపోయేవారు. ఫలానావారు గ్రూపు వదిలి వెళ్ళారు అని ఒక సన్నటి గీతలా వచ్చేది. ఆ తరవాత వాళ్ళేమయ్యారో ఎవరికీ తెలియదు.

ఏడాది అని గీత గీశాం. ఆ గీత దాటాల్సింది మనం కాదు, మంచంలో ఉన్న మనిషి అని అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి విడతలోనే నా పేరు పక్కన కూడా పాతకాపు అని పడింది. అమ్మకి చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, అదేంటని అడిగింది. చెప్పాను. "అంత కాలమైపోయిందా?" అంది. వాడి పాదాల మీద దుప్పటి సరిచేస్తూ, "ఏడాదిలో లేచి తిరుగుతాడనుకున్నానే" అంది.

ఆ ముద్ర వల్ల మేలే జరిగింది. కొత్తవాళ్ళు ఎవరినడగాలో చూసి అడుగుతున్నారు. పిచ్చి సలహాలు తగ్గాయి. అలా నడుస్తుండగా, రెడ్డిగూడెం వైపు ఉండే ఒకావిడ వాళ్ళ అమ్మ పోయిన నెలకి గ్రూపులోంచి వెళుతూ ఒక మాట రాసింది. "మీరు పాతకాపు అని చాలామందికి ఇచ్చారు. జగ్గయ్యపేట అక్కకి ఎందుకివ్వలేదు? మా అమ్మ పోయాక నాకు రోజూ ఫోన్ చేసింది ఆమె ఒక్కతే."

జగ్గయ్యపేట అక్క ఎవరో మాకు తెలియలేదు. వెతికితే ఒక పేరు కనిపించింది. ఆ పేరు మీద గ్రూపులో మెసేజీలు నాలుగైదుకి మించి లేవు. చివరిది, భర్త చనిపోయాడన్న కబురు. అది కూడా ఎప్పటిదో. వెళ్ళిపోకుండా అలాగే ఉండిపోయింది. దగ్గరలో ఉన్నదాన్ని కాబట్టి ఒకసారి కలిసి రమ్మని ఫిజియో నన్నడిగింది. ఫోన్ చేసి, ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మని తమ్ముడి దగ్గర కూర్చోబెట్టి పల్లెవెలుగు ఎక్కాను.

జగ్గయ్యపేటలో లారీ షెడ్ల వెనక సందులో వాళ్ళిల్లు. వాకిట్లోనే కుట్టుమిషను. జాకెట్లూ, పంజాబీ డ్రెస్సులూ కుడుతుంది. ముస్లిములు. నాకంటే కొంచెం చిన్నదేమో. భర్త లారీ డ్రైవరు. గరికపాడు చెక్‌పోస్టు ముందు లారీ ఆపి, లోడు మీద పట్టా కడుతూ పైనుంచి పడ్డాడు. వెన్ను విరిగింది. వానలప్పుడు పడినవాడు, మళ్ళీ వానలు రాకముందే పోయాడు.

నాకు కుర్చీ వేసి, తను మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. సంగతి చెప్తే ఆశ్చర్యపోయింది.

"నాకెందుకు టీచర్ గారూ అది? నాకేం తెలుసండి? మా ఆయన పట్టుమని ఏడాది కూడా లేడు. పుండ్లు మాన్పలేకపోయా. నేను ఒకళ్ళకి చెప్పేదాన్నా?"

"మరి మీరు గ్రూపులో ఎందుకు ఉండిపోయారు?" అని అడిగాను.

ఆమె చేతిలో గుడ్డని మడత పెడుతూ చెప్పింది. "ఆయన పోయిన రోజు నేనూ గ్రూపులో పెట్టానండి. అందరూ దణ్ణాలు పెట్టారు. మంచోళ్ళే. ఆ దణ్ణాల కిందనే ఎవరో, ఎయిర్ బెడ్డు మోటరు సౌండొస్తంది, ఏం చెయ్యాలని అడిగారు. ఇంక అందరూ అటు వెళ్ళిపోయారు. తప్పు కాదండి. బతికున్నోళ్ళని చూసుకోవాలిగా. నేనప్పుడు ఇద్దత్‌లో ఉన్నా. మాలో మొగుడు పోతే నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఫోన్లో అలారం మోగతానే ఉండేది. ఆయన్ని తిప్పటానికి పెట్టుకున్నదే. మోగగానే లేచేదాన్ని. మంచం దాకా వెళ్ళి నిలబడేదాన్ని. మంచం ఖాళీ. ఆపెయ్యొచ్చు, ఆపబుద్ధి కాలే. మా వాళ్ళకి చెప్తే మతి పోయిందంటారని చెప్పలే."

"ఊఁ."

"అట్టా ఉంటే గుంటూరావిడ ఒకామె వాళ్ళ నాన్న పోయాడని గ్రూపులో పెట్టింది. ఈమెకీ అలారం ఉంటదిగా అనుకున్నా. నంబరు కనపడతంది, చేసా. ఏమ్మా, అలారం ఆపావా అనడిగా. అంతే. అటేపు ఒకటే ఏడుపు. ఆపలేదంట. అప్పట్నించి ఎవరు పోయారని పెట్టినా చేస్తన్నా. నేనేం చెప్పనండి. వాళ్ళే చెప్తారు. నేను మిషను తొక్కుకుంటా వింటా ఉంటా."

ఆమె టీ పెట్టి ఇచ్చింది. నేను తాగాను. ఆమె తమ్ముడి గురించి అడిగింది. వాడి జబ్బు గురించి కాదు, వాడికేం ఇష్టమని అడిగింది. క్రికెట్ అన్నాను. స్కోరు చదివి వినిపిస్తే, మనవాళ్ళ వికెట్ పడినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంటాడని చెప్పాను. ఇలాంటి సంగతి నేను అంతకు ముందు ఎవరికీ చెప్పలేదని తిరిగొచ్చేటప్పుడు బస్సులో గుర్తొచ్చింది.

మళ్ళీ ముగ్గురం కాల్‌లో కూర్చున్నప్పుడు నేను అంతా చెప్పాను. బాబాయిగారు అడ్డం తిరిగారు.

"పాపం మంచి మనిషే, కాదన్ను. కానీ ముద్ర ఎందుకు పెట్టామో మర్చిపోతన్నారు మీరు. రేపు కొత్తగా వచ్చినావిడ ఆ ముద్ర చూసి, మా ఆయనకి ఆయాసమొస్తంది ఏం చెయ్యమంటావని ఈమెనడిగితే ఈమేం చెప్పుద్ది? ఓదార్చేది వేరు, అనుభవం వేరు."

"బాబాయిగారూ, మంచం దగ్గర పనికే అనుభవం కావాలా? మంచం ఖాళీ అయ్యాక అక్కర్లేదా?" అంది ఫిజియో. "గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ ఏదో ఒక రోజు..."

ఆమె మాట పూర్తి చెయ్యలేదు. బాబాయిగారు కెమెరా ఆపేశారు. చీకటి గడిలోంచి ఆయన గొంతు మాత్రం వచ్చింది. "మీ ఇష్టం. నా మట్టుకు ఒద్దు." మేమిద్దరం సరేనన్నాం కాబట్టి అదే ఖాయమైంది.

ఆ సాయంత్రం ఫిజియో గ్రూపులో అందంగా రాసింది. మన వాళ్ళు దూరమైనప్పుడు మనకి ఫోన్ చేసి తోడుగా ఉండే జగ్గయ్యపేట అక్కకి పాతకాపు ముద్ర ఇస్తున్నామని. గుండె బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. మాటపలుకు లేకుండా ఉండేవాళ్ళు కూడా బయటికి వచ్చి, మాకూ చేసింది, మా వదినకీ చేసింది అని రాశారు. ఎంతమందికి చేసిందో అప్పుడే తెలిసింది. ఆమె మాత్రం ఏమీ రాయలేదు.

నెల తిరక్కుండానే అది బెడిసికొట్టింది.

మంచంలో ఉన్న మగవాళ్ళకి తొడగడానికి సులువుగా ఉండేలా, ముందు వైపు తాళ్ళు కట్టుకునే చొక్కాలు కుట్టగలరా అని గ్రూపులో ఒక అమ్మాయి అడిగింది. భర్తని చూసుకుంటోంది. పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు. కుట్టేది తన పనే కదా అని జగ్గయ్యపేట ఆమె కొలతలు అడగడానికి ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. ఫోన్లో ఆ పేరు చూడగానే ఆ అమ్మాయి కెవ్వున అరిచిందట. ఫోను కింద పడేసి భర్త మంచం దగ్గరికి పరిగెత్తిందట. ఇంట్లో పెద్దవాళ్ళు, చచ్చినోళ్ళ ఇంటికి ఫోన్ చేసేదంటగా, మనింటికెందుకు చేసిందని గొడవ చేశారు. ఆ రాత్రి ఆ అబ్బాయికి జ్వరం కూడా వచ్చింది. మామూలు జ్వరమే. తగ్గిపోయింది. కానీ ఆ అమ్మాయి గ్రూపులో పెట్టింది: "దయచేసి ఆ అక్కని నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పండి."

దాని కింద ఇంకొకరు, నిజం చెప్పాలంటే నాకూ భయమే అని రాశారు. ఇంకొకరు ఆ నంబరు రాకుండా బ్లాక్ చేశామన్నారు. ఫిజియో ఎంతో నచ్చజెప్పింది. బాబాయిగారు కూడా, ఇదేం మూఢనమ్మకం, మనం మనుషులం కాదా అని కోప్పడ్డారు. ముద్ర వద్దన్న మనిషే ఆమె తరఫున అంత గట్టిగా నిలబడడం నాకు ఇప్పటికీ గుర్తుంది. కానీ భయం వాదిస్తే పోయేది కాదు.

మర్నాడు స్కూల్లో ఇంటర్వెల్‌లో ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"అది తీసెయ్యండి టీచర్ గారూ."

"వాళ్ళు ఏదో భయంలో అన్నారండి. మీరు మనసులో పెట్టుకోకండి."

"మనసులో పెట్టుకుని కాదండి. ఆ పిల్ల గొంతు విన్నా నేను. నిజంగా భయపడింది. నేను చావు కబురు చెప్పటానికే చేసాననుకుంది. ఇంతకు ముందు నేనెవరో ఎవరికీ తెలవదు. చేస్తే, ఎవరండీ అనేవాళ్ళు. ఫలానా అని చెప్పేదాన్ని. ఇప్పుడు నా పేరు చూస్తేనే అందరికీ తెలిసిపోతంది. తీసెయ్యండి."

తీసేశాను. వేలితో ఒకసారి నొక్కితే పోయింది. జనానికి తెలిసిన సంగతి మాత్రం అలా పోలేదు.

ఆ ఏడు చలికాలం చివర్లో మా తమ్ముడికి నిమ్ము చేసింది. అంతకు ముందు కూడా రెండు మూడు సార్లు అలా వచ్చి తగ్గింది. ఈసారి తగ్గలేదు. ఆసుపత్రిలో ఉంచి, ఇక లాభం లేదని ఇంటికి తెచ్చుకున్నాం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మర్నాడు పొద్దున అమ్మ తడిగుడ్డతో వాడి ముఖం తుడుస్తోంది. నేను స్కూలుకి సెలవు చీటీ ఫోన్లో పంపుతున్నాను. "ఒకసారి ఇటు రావే" అంది అమ్మ, మామూలు గొంతుతోనే. వెళ్ళేసరికి వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను మంచానికి ఇటు నుంచి అటు నడిచాను. అవి నా వెంట రాలేదు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక, చుట్టాలు వెళ్ళిపోయాక, గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. దణ్ణం బొమ్మలు వచ్చాయి. ఎవరెవరో ఎంతో మంచిగా రాశారు. వాటి కిందనే కొత్తగా చేరిన ఒకతను, ముక్కు గొట్టం ఎన్నాళ్ళకి మార్పించాలని అడిగాడు. పాతకాపులు వరసగా జవాబులు చెప్పారు. నేను కూడా టైప్ చెయ్యబోయి ఆగాను.

నేను ఆమె ఫోన్ కోసం ఎదురు చూశాను. ఎవరికీ చెప్పలేదు గానీ, ఫోన్ మోగినప్పుడల్లా ముందు పేరే చూసేదాన్ని. అమ్మకి కూడా ఆమె సంగతి తెలుసు. "ఆ జగ్గయ్యపేట అమ్మాయి చేసిందా?" అని రెండు సార్లు అడిగింది. అలారం మోగుతూనే ఉంది. మోగగానే అమ్మ ఒక పక్క నుంచి, నేను ఒక పక్క నుంచి లేచేవాళ్ళం. లేచాక ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా కూర్చునేవాళ్ళం. ఆమె ఫోన్ మాత్రం రాలేదు.

చివరికి ఒక సాయంత్రం నేనే చేశాను. ఎత్తగానే మిషను చప్పుడు వినిపించింది.

"నేనండి, నందిగామ టీచర్ని."

మిషను ఆగింది. "గ్రూపులో చూసానండి. చూసిన కాడి నుంచీ ఫోను చేతిలోకి తీసుకోటం, మళ్ళీ పెట్టెయ్యటం. మీ అమ్మగారు నా పేరు చూసి ఏమనుకుంటారో అని..."

"మేమిద్దరం మీ ఫోన్ కోసమే చూస్తున్నాం."

ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. తరవాత అడిగింది. "అలారం?"

"మోగుతోంది."

"మోగనియ్యండి. ఎవరో చెప్పారని ఆపొద్దు. ఒకసారి అమ్మగారికి ఇవ్వండి."

అమ్మ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. గోడకి ఆనుకుని మాట్లాడుతూ నిలబడింది. వాడు చిన్నప్పుడు కరెంటు మీటరు విప్పి మా నాన్న చేత తన్నులు తిన్నది చెప్తోంది. వాడికి చేపల పులుసు ఎలా ఉంటే ఇష్టమో చెప్తోంది. ఎన్నో నెలల నుంచి మా ఇంట్లో వాడి గురించిన మాటలన్నీ గొట్టాలూ మందులూ పుండ్లే. చేపల పులుసు తినే మనిషిగా వాడు ఆ సాయంత్రం మళ్ళీ ఇంట్లోకి వచ్చాడు. అమ్మ మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

నేను గ్రూపు వదల్లేదు. నా ముద్ర ఉంచాలా తియ్యాలా అన్న మాట వచ్చినప్పుడు బాబాయిగారే, "ఉంచాలమ్మా. నువ్వెక్కడికీ పోవద్దు" అన్నారు. అయిపోయినోళ్ళు అన్న మాట ఆ తరవాత ఆయన నోట రాలేదు. కానీ నాకే ఆ మాట నా పేరు పక్కన చూడబుద్ధి కాలేదు. చివరికి ముగ్గురం మాట్లాడుకుని అందరికీ ఆ ముద్ర తీసేశాం. చెయ్యకూడని పనులేమిటో ఫిజియో తేలిక మాటల్లో రాసి గ్రూపులో పైన అతికించింది. కొత్తవాళ్ళు ముందు అది చదువుతున్నారు. పాతకాపు ఎవరన్నది ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు గ్రూపులో ఒక సన్నటి గీత కనబడింది. బాబాయిగారు గ్రూపు వదిలి వెళ్ళారని. కబురు లేదు, కృతజ్ఞతలు లేవు. నాకు అర్థమైంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాళ్ళ ఊళ్ళో మా స్కూలు అటెండరు చుట్టాలున్నారు. వాళ్ళనడిగితే, ఆవిడ పోయి వారమైందన్నారు.

జగ్గయ్యపేటకి ఫోన్ చేసి చెప్పాను. "ఆయన నా ఫోనూ ఎత్తడండి" అంది ఆమె. "వెళదామా?" అంది.

ఆమె నందిగామ బస్టాండులో దిగింది. అక్కడి నుంచి ఇద్దరం ఆటోలో వెళ్ళాం. మిరప కోతలైపోయిన చేలు బీడుగా ఉన్నాయి. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. వీడియోలో చూసిన మనిషికి సగమయ్యారు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయారు. తరవాత నా పక్కనున్న మనిషిని చూశారు.

"జగ్గయ్యపేట అమ్మాయివా?"

"అవునండి."

"కూర్చో అమ్మా." కూర్చున్నాక, నేల వైపు చూస్తూ అన్నారు. "నీకు ఆ ముద్ర ఇవ్వొద్దన్నది నేనే."

"తెలుసండి. మీ మాటే నెగ్గుంటే ఎంత బాగుండేది."

ఆయన తలెత్తి చూశారు. నవ్వు వచ్చినట్టే వచ్చి, అది మధ్యలోనే ఇంకేదో అయిపోయింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి ఆయన మొదలుపెట్టారు. ఆఖరి వారం జ్వరం ఎలా వచ్చింది, ఏ డాక్టరు ఏమన్నాడు, ఏ మందు పడలేదు, తను ఏ పూట కునుకు తీశారు. ఎండ వాలేదాకా అదే చెప్పారు. ఆమె ఊఁ అంటూ వింటోంది. చేతిలో పని లేకపోతే తోచదేమో, ఒళ్ళోని సంచీ అంచుని మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది.

వచ్చేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చారు. మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాం.

"ఇంకోసారి రావాలండి" అంది ఆమె.

"మీకు దూరమవుతుందేమో."

"దూరమే. కానీ ఇయ్యాల ఆయన జబ్బు గురించే చెప్పాడండి. ఆమె గురించి ఇంకా మొదలెట్టలే."

వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాం. ఆ రోజు ఆయన గడ్డం గీసుకుని ఉన్నారు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, ఆవిడ పెళ్ళినాటి ఫోటో గోడ మీద నుంచి దించి చూపించారు. ఆ ఫోటోలో ఆవిడ ఎవరి మీదో కోపంగా ఉంది. ఎవరి మీదో ఆయన చెప్పడం మొదలుపెట్టారు.